బిడ్డ అక్కడ... ఫిర్యాదు ఎక్కడ?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసేది కౌన్సిల్. ఆ కౌన్సిల్ తీరు మీద ఫిర్యాదు చేస్తే ‘కేసు కోర్టులో ఉంది, ఆగండి’ అంటుంది. ఆ జవాబు ఎంతవరకు న్యాయం? ఎక్కడ సాకు?

‘అది కోర్టు పరిధిలో ఉన్న అంశం, ఇప్పుడు మాట్లాడకూడదు.’ ప్రెస్‌మీట్‌లో ఇబ్బందికరమైన ప్రశ్న పడగానే మన మంత్రులు అనే మాట ఇది. వినీవినీ మనకు అలవాటైపోయింది. ఇంగ్లండ్‌లో ఇదే మాట కౌన్సిల్ లెటర్‌హెడ్ మీద అచ్చయి, బిడ్డకు దూరమైన తల్లి ఇంటికి పోస్టులో వస్తుంది.

ఉత్తరం సాధారణంగా ఒక పేజీ దాటదు. భాష మర్యాదగానే ఉంటుంది. మీ ఫిర్యాదు అందింది, మీరు లేవనెత్తిన విషయాలు ఫ్యామిలీ కోర్టు ముందున్నాయి కాబట్టి ఇప్పుడు పరిశీలించలేం, ఏమైనా ఉంటే మీ సొలిసిటర్‌తో మాట్లాడండి, కేసు ముగిశాక మళ్లీ రాయవచ్చు... ఇదీ సారాంశం. ఆ ఉత్తరానికి కారణమైన ఫిర్యాదు మాత్రం ఒక పేజీలో ఉండదు. పిల్లలు లేని ఇంట్లో రాత్రిపూట కూర్చుని ఒక్క బిగిన రాసిన ఐదారు పేజీల ఈమెయిల్ అది. నా బిడ్డను అన్యాయంగా తీసుకెళ్లారన్నది అందులో మొదటి వాక్యం. ఆ తర్వాత ఏ వరుసా ఉండదు. మంగళవారం పాపను చూపిస్తామన్నారు, గంటసేపు బస్టాప్‌లో నిలబెట్టి రద్దయిందన్నారు. మీటింగుకు దుబాసీని పిలవలేదు. రిపోర్టులో నా భర్త పేరు తప్పు, పుట్టినతేదీ తప్పు, నేను అనని మాట నేనన్నట్టు రాశారు. రిపోర్టు వాయిదాకు ముందురోజు రాత్రి పది గంటలకు పంపారు. సోషల్ వర్కర్ నాతో విసుక్కుంటుంది.

ఇందులో జడ్జి తేల్చాల్సినవి ఉన్నాయి. జడ్జికి ఏమాత్రం పట్టనివీ ఉన్నాయి. కౌన్సిల్ మాత్రం మొత్తాన్ని ఒకే గంపకింద పెట్టి మూసేస్తుంది. ఈ కథనమంతా ఆ గంప గురించే.

ఒకే చేతిలో నాలుగు పనులు

అక్కడి పద్ధతి కొంచెం తెలిస్తేగానీ గొడవ అర్థంకాదు. ఇంగ్లండ్‌లో పిల్లల రక్షణ స్థానిక కౌన్సిళ్ల బాధ్యత. అలాంటివి 153 ఉన్నాయి. బడి టీచరో, డాక్టరో, పక్కింటివాళ్లో సమాచారం ఇస్తే విచారించేది కౌన్సిల్ సోషల్ వర్కర్. కోర్టులో కేసు వేసేది కౌన్సిల్ లాయర్. బిడ్డను ఉంచేది కౌన్సిల్ కుదిర్చిన ఫాస్టర్ (తాత్కాలికంగా పెంచే) కుటుంబంలో. వీటిమీద మీరు ఫిర్యాదు చేస్తే మొదట అందుకునేదీ కౌన్సిలే. ఈ నాలుగింటికీ బయట ఉండి తీర్పు చెప్పే మనిషి ఒక్క జడ్జి.

1989లో చేసిన చిల్డ్రన్ యాక్ట్ దీనికంతటికీ మూలం. 1991 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. పిల్లలకు తీవ్రమైన హాని జరుగుతోందన్న అనుమానం ఉంటే సెక్షన్ 47 కింద కౌన్సిల్ విచారించి తీరాలి. అత్యవసరమైతే పోలీసులు 72 గంటల వరకు పిల్లల్ని తమ రక్షణలో ఉంచవచ్చు. అంతకు మించాలంటే కోర్టుకు వెళ్లాలి. అక్కడ ఎనిమిది రోజుల అత్యవసర ఉత్తర్వు, తర్వాత మధ్యంతర ఉత్తర్వు, చివరకు పూర్తిస్థాయి కేర్ ఆర్డర్. బిడ్డ తరఫున మాట్లాడేందుకు కాఫ్కాస్ అనే సంస్థ నుంచి ఒక గార్డియన్ వస్తారు. తల్లిదండ్రులకు ఆస్తిపాస్తులతో సంబంధం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో లాయర్ ఉంటారు. ఇది చాలామంది తెలుగువాళ్లకు తెలియదు, అప్పుచేసి ప్రైవేటు లాయర్‌ను పెట్టుకుంటారు. (భార్యాభర్తల మధ్య కస్టడీ తగాదాలో మాత్రం ఈ సాయం 2013 నుంచి చాలావరకు పోయింది. గృహహింస ఆధారాలున్న వాళ్లకు మినహాయింపు.) కేసు 26 వారాల్లో ముగియాలని 2014 చట్టం గీత గీసింది. ఇటీవలి ఏళ్లలో సగటు 40 వారాలు దాటిపోయింది.

2024 మార్చి 31 నాటికి ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ల సంరక్షణలో ఉన్న పిల్లలు 83 వేలకు పైమాటే. అందరివీ ఇలాంటి కేసులు కావు. అమ్మానాన్నలు తమంతట తాము అప్పగించినవాళ్లు, ఒంటరిగా ఆ దేశం చేరి ఆశ్రయం కోరిన పిల్లలు కూడా అందులో ఉన్నారు.

ఫిర్యాదుకు అదే చట్టంలో సెక్షన్ 26 ఉంది. దానికింద 2006లో నిబంధనలు వచ్చాయి. మూడు మెట్లు. మొదటి మెట్టులో పది పనిరోజుల్లో స్థానికంగా జవాబివ్వాలి, తప్పనిసరైతే ఇరవై. తృప్తి లేకపోతే రెండో మెట్టులో విచారణాధికారితో పాటు కౌన్సిల్‌తో సంబంధం లేని ఒక వ్యక్తి కూర్చుంటారు. ఎంత లాగినా 65 పనిరోజులు. మూడోది సమీక్షా మండలి. ఆపైన, కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు వినే స్వతంత్ర అధికారి అంబుడ్స్‌మన్. కాగితం మీద మంచి మెట్లే. కానీ ఆ నిబంధనల్లోనే ఎనిమిదోది ఒకటుంది: ఫిర్యాదును విచారించడం వల్ల నడుస్తున్న కోర్టు కేసుకు చేటు జరిగేటట్టయితే దాన్ని ఆపేయవచ్చు.

‘చేటు జరిగేటట్టయితే’ అన్నది షరతు. ‘కేసు ఉంటే చాలు’ అని అక్కడ లేదు. ఆపితే ఎందుకు ఆపారో, ఏ కేసును ఉద్దేశించి ఆపారో రాతపూర్వకంగా చెప్పాలి కూడా. ఆ ఒక పేజీ ఉత్తరాల్లో సాధారణంగా కనిపించనిది సరిగ్గా ఇదే.

అసలు ఆ నిబంధనే అన్యాయం అనేవాళ్లతో నేను ఏకీభవించను. జడ్జి ముందు సోషల్ వర్కర్ సాక్షి. ఆమె చెప్పేది నిజమా కాదా అని కోర్టు తేల్చబోతుంటే, పక్కగదిలో ఇంకో అధికారి అదే ప్రశ్న వేసి ఇంకో జవాబు రాసిపెడితే ఏది చెల్లుతుంది? పైగా గట్టిగా నిలదీసే సోషల్ వర్కర్‌ను కేసు నుంచి తప్పించడానికే వారానికో ఫిర్యాదు పెట్టేవాళ్లూ ఉంటారు. అడ్డుకట్ట అవసరమే. అడ్డుకట్ట పేరుతో వాగు మొత్తం పూడ్చేయడమే తప్పు.

ఒక వీడియో, ఒక పేరు

కోర్టు నడుస్తుండగా న్యాయం ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ జారిపోతుందో చూపే పాత కేసు ఒకటుంది. 1987 నవంబరు, తూర్పు లండన్‌లోని న్యూహామ్. నాలుగేళ్ల పాప మీద లైంగిక దాడి జరిగిందన్న అనుమానంతో ఒక డాక్టరూ, సోషల్ వర్కరూ కలిసి పాపతో మాట్లాడారు. వీడియో తీశారు. పాప ఒక పేరు చెప్పింది. తల్లితో కలిసి ఉంటున్న ప్రియుడి పేరూ అదే. అతడే అనుకున్నారు. తల్లి బిడ్డను కాపాడుకోలేదని తేల్చి పాపను తీసుకెళ్లిపోయారు.

పాప చెప్పింది అతణ్ని కాదు. అదే పేరున్న ఇంకొకణ్ని. అంతకుముందు ఆ ఇంట్లో ఉండి వెళ్లినవాణ్ని. వాణ్ని అమ్మ ఇంట్లోంచి గెంటేసిందని కూడా పాప ఆ సంభాషణలోనే చెప్పింది. వీడియో చూసినవాళ్లు నిదానంగా వింటే దొరికే మాట. తల్లి వీడియో చూపించమంది. చూపించలేదు. దాదాపు ఏడాది గడిచాక ఆ సంభాషణ రాతప్రతి ఆమె లాయర్ల చేతికొచ్చింది. చదవగానే పొరపాటు బయటపడింది. పాప ఇంటికొచ్చింది. అప్పటికి పాపకు ఐదేళ్లు.

తల్లీబిడ్డలు నష్టపరిహారానికి దావా వేస్తే 1995లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2001 మే 10న తీర్పు వచ్చింది: కుటుంబ జీవితానికి ఉన్న హక్కును ఉల్లంఘించారు, దానికి సరైన పరిహార మార్గం కూడా లేకుండా చేశారు. ఒక్కొక్కరికి 10 వేల పౌండ్లు. ఆ తీర్పులో అసలు సంగతి డబ్బు కాదు. వీడియో చూపించాలా వద్దా అన్నది కౌన్సిల్ తనంతట తాను నిర్ణయించుకునే విషయం కాదు, ఆ ప్రశ్నను వెంటనే కోర్టు ముందు పెట్టి ఉండాల్సింది అని చెప్పింది.

ఈ కేసును నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ తల్లి 1987లో కౌన్సిల్ ఫిర్యాదుల విభాగానికి ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ పొరపాటు బయటపడేది కాదు. వీడియో జడ్జి బల్లమీదికి వస్తే ఒక్క పూటలో తేలిపోయేది. కేసు నడుస్తున్నప్పుడు పెద్ద ఫిర్యాదుకు తగిన చోటు కోర్టే. ఏ కాగితం చూపించలేదు, ఏ రిపోర్టు తప్పు, ఎవరు ఏ రోజు ఏమన్నారు... ఇవన్నీ లాయర్ చేత ప్రమాణపత్రంలో రాయించి, సోషల్ వర్కర్ బోనులో ఉన్నప్పుడు అడిగించాల్సినవి. జడ్జి తన తీర్పులో ‘ఈ సాక్షి మాట నమ్మదగినది కాదు’ అని ఒక వాక్యం రాస్తే, ఆ తర్వాత ఏ ఫిర్యాదుకైనా అంతకు మించిన ఆధారం ఉండదు. సోషల్ వర్కర్ల లైసెన్సులు చూసే సోషల్ వర్క్ ఇంగ్లండ్ ముందు పెట్టడానికైనా అదే బలం.

అదే రోజు ఇంకో తీర్పు

2001 మే 10న అదే కోర్టు ఇంకో కేసులోనూ బ్రిటన్‌ను తప్పుపట్టింది. అది పూర్తిగా తిరగబడిన కథ. నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఇంట్లో తిండి లేదు, శుభ్రత లేదు. బడిలో చెత్తబుట్టల్లోంచి తిండి ఏరుకుని తింటున్నారని కూడా కౌన్సిల్‌కు తెలుసు. 1987లో తొలిసారి సమాచారం అందితే, పిల్లల్ని సంరక్షణలోకి తీసుకున్నది 1992లో. అమానుషంగా హింసకు గురయ్యే పరిస్థితి నుంచి వాళ్లను కాపాడలేకపోయారని కోర్టు తేల్చింది.

ఒకే రోజు ఒక తీర్పు ‘తీసుకెళ్లి, తల్లికి ఆధారం ఎందుకు చూపించలేదు’ అంది, ఇంకోటి ‘ఎందుకు తీసుకెళ్లలేదు’ అంది. సోషల్ వర్కర్ల మీద కోపం వచ్చినప్పుడల్లా ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. 2023 ఆగస్టులో వోకింగ్‌లోని ఇంట్లో పదేళ్ల సారా షరీఫ్‌ను చంపేశారు. 2024 డిసెంబరులో తండ్రికీ, సవతితల్లికీ హత్యానేరం కింద శిక్ష పడింది. ఆ పాప పుట్టినప్పటి నుంచీ సోషల్ సర్వీసుల దృష్టిలోనే ఉంది. 2019లో తండ్రి దగ్గరికి పంపింది ఫ్యామిలీ కోర్టే. అలాంటి వార్త వచ్చిన మర్నాడు దేశంలో ఏ సోషల్ వర్కరైనా అనుమానం ఉన్న ఇంట్లో పిల్లల్ని వదిలిరావడానికి భయపడతారు. ఆ భయం మూల్యం చెల్లించేది ఏ తప్పూ చేయని ఇంకో ఇల్లు.

సంతకం చేసే ముందు

కోర్టు గడప తొక్కకుండానే పిల్లలు వెళ్లిపోయే దారి ఒకటుంది. అదే చిల్డ్రన్ యాక్ట్‌లోని సెక్షన్ 20. తల్లిదండ్రులు ఒప్పుకుంటే కౌన్సిల్ పిల్లల్ని ఉంచుకోవచ్చు. జడ్జి ఉండరు, గార్డియన్ ఉండరు. ఒక కాగితం, ఒక సంతకం.

2007 జులైలో లండన్‌లోని హాక్నీలో ఎనిమిది మంది పిల్లలున్న ఒక కుటుంబంలో ఒక పిల్లవాడు దుకాణంలో చిన్న దొంగతనం చేసి దొరికాడు. ఇంట్లో నాన్న బెల్టుతో కొడతాడని చెప్పాడు. పోలీసులు ఇంటికొచ్చి ఎనిమిది మందినీ తీసుకెళ్లారు. 72 గంటలు గడిచేలోపు అమ్మానాన్నల చేత ఒక ఒప్పంద పత్రం మీద సంతకం చేయించారు. పిల్లలు ఇంటికి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ సంతకం నిజమైన సమ్మతేనా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2018 జులైలో తీర్పు వచ్చింది. కింది కోర్టు ఇచ్చిన పరిహారం పైకోర్టులో పోయింది. పదకొండేళ్ల పోరాటం తర్వాత సుప్రీంకోర్టులోనూ తల్లిదండ్రులు ఓడిపోయారు. కానీ ఆ తీర్పులో న్యాయమూర్తి లేడీ హేల్ ఒక మాట స్పష్టం చేశారు: సెక్షన్ 20 కింద ఉన్న పిల్లల్ని తల్లిదండ్రులు ఎప్పుడైనా తిరిగి తీసుకోవచ్చు, ముందస్తు నోటీసు అక్కర్లేదు. ఆపాలనుకుంటే కౌన్సిల్ కోర్టుకు వెళ్లాలి. ఆ హక్కు సంగతి ఆ రోజు ఆ దంపతులకు ఎవరైనా సూటిగా చెప్పి ఉంటే ఆ రెండు నెలలు ఉండేవా?

నార్తాంప్టన్‌షైర్‌లో 2013 జనవరిలో పదిహేను రోజుల పసికందును ఇదే సెక్షన్ కింద తీసుకెళ్లి, నవంబరు దాకా కోర్టులో కేసే వేయలేదు. తల్లికి ఇంగ్లిష్ రాదు. కేర్ కేసులోనే మానవ హక్కుల చట్టం కింద అర్జీ పెట్టి పరిహారం సాధించారు. ఇక్కడ గమనించాల్సింది ఆ ‘కేసులోనే’ అన్న మాట. కౌన్సిల్ ఫిర్యాదుల విభాగం తలుపు మూసినా, హక్కుల ఉల్లంఘన జరిగిందన్న వాదన కోర్టు లోపలే వినిపించవచ్చు.

ఎవరి వాకిట్లోనూ చోటులేనివి

ఇక గంప కింద మిగిలినవాటి సంగతి. దుబాసీని పిలవకపోవడం, విసుక్కోవడం, ఫోన్లు ఎత్తకపోవడం, చెప్పిన రోజున బిడ్డను చూపించకపోవడం, ఒక కుటుంబం కాగితాలు ఇంకో కుటుంబానికి ఈమెయిల్ చేసేయడం. ఇవేవీ తీర్పును తారుమారు చేసేవి కావు కాబట్టి జడ్జి వీటిమీద సమయం పెట్టరు. కేసు ఉంది కాబట్టి కౌన్సిల్ తాకదు. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళితే, కోర్టులో నడిచినదాన్ని, కోర్టు నిర్ణయించినదాన్ని ముట్టుకునే అధికారం 1974 నాటి చట్టం తనకు ఇవ్వలేదంటాడు. మనిషిని ఎక్కువ క్రుంగదీసేవి ఇవే. బిడ్డ దూరమైన బాధను జడ్జి ముందు చెప్పుకోవచ్చు. బస్టాప్‌లో నిలబెట్టిన అవమానాన్ని చెప్పుకునే చోటు లేదు.

అయినా దారులు పూర్తిగా లేకపోలేదు, విడివిడిగా వెళ్లాలి అంతే. బిడ్డను చూసే అవకాశం చిల్డ్రన్ యాక్ట్ సెక్షన్ 34 కింద హక్కు. కౌన్సిల్ తనంతట తాను ఏడు రోజులకు మించి ఆపలేదు. ఆపితే కోర్టులో అర్జీ వేయాలి, ఫిర్యాదు కాదు. ఫాస్టర్ ఇంట్లో తిండి, బడి, ఆరోగ్యం గురించి అడగాల్సింది స్వతంత్ర సమీక్షాధికారిని. సంరక్షణలోకి వెళ్లిన ప్రతి బిడ్డకూ ఒకరుంటారు, ఇరవై పనిరోజుల్లో మొదటి సమీక్ష జరగాలి. కాగితాలు బయటపడితే సమాచార కమిషనర్. ఫైల్లో మీ గురించి ఏం రాశారో చూడాలంటే సమాచార రక్షణ చట్టం కింద అడిగే హక్కు కేసు నడుస్తున్నా ఉంటుంది. మామూలుగా నెలలోగా ఇవ్వాలి, కొన్ని మినహాయింపులతో. గార్డియన్ ప్రవర్తన మీద అయితే కాఫ్కాస్‌కే రాయాలి, అయితే ఆ గార్డియన్‌ను మార్చడం మాత్రం కోర్టు చేతిలో పని.

మిగిలినవాటికి నా సలహా ఒకటే: ఫిర్యాదును విడగొట్టి రాయండి. బిడ్డను తీసుకెళ్లడం న్యాయమా కాదా అన్నది అందులో పెట్టకండి, దానికి కోర్టుంది. దుబాసీ గురించి ఒక ఉత్తరం, రద్దయిన మంగళవారం గురించి ఒకటి. తేదీ, సమయం, ఎదుట ఉన్నది ఎవరు, ఏం కావాలి. కౌన్సిల్ ఆపేస్తే, దీన్ని విచారిస్తే కోర్టు కేసుకు ఏ విధంగా చేటో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. బస్టాప్‌లో నిలబెట్టినందుకు క్షమాపణ చెబితే ఏ జడ్జి తీర్పు చెడిపోతుంది?

కౌన్సిళ్లను కూడా అడగాల్సిన ప్రశ్న ఇదే. ఐదు పేజీల ఫిర్యాదును చదివి, ఇవి కోర్టుకు, ఇవి మాకు అని గీత గీయడానికి ఒక అధికారికి ఒక పూట పడుతుంది. ఆ పూట వెచ్చించకపోవడానికి నిబంధన అడ్డుకాదు. బద్ధకం అడ్డు. లేదా భయం.

వాట్సాప్ గ్రూపు, బడి కోటు

తలుపులన్నీ మూసుకున్నట్టు కనిపిస్తే మనిషి వీధిలోకి వస్తాడు. ఈ రోజుల్లో వీధి అంటే వాట్సాప్. ఊరివాళ్ల గ్రూపులో కోర్టు కాగితాల ఫొటోలు పడతాయి, సోషల్ వర్కర్ ఫేస్‌బుక్ ఫొటో పడుతుంది. ‘అన్నా, అందరూ షేర్ చేయండి’ అని కింద ఒక ముక్క. ఇంగ్లండ్‌లో ఇది ప్రమాదం. కేసులో ఉన్న బిడ్డను గుర్తుపట్టేలా ఏదైనా ప్రచురించడం నేరం. మూసిన తలుపుల వెనక నడిచే విచారణ వివరాలు బయటపెట్టడం 1960 నాటి చట్టం కింద కోర్టు ధిక్కారం కావచ్చు. జైలు సంగతి అటుంచి, ‘బిడ్డ గోప్యత కాపాడలేని తల్లి’ అని అవతలి లాయర్ చెప్పడానికి ఆ పోస్టే ఆధారమవుతుంది. గుర్తింపు పొందిన విలేకరులు 2009 నుంచి ఫ్యామిలీ కోర్టుల్లో కూర్చోవచ్చు. 2023లో లీడ్స్, కార్డిఫ్, కార్లైల్ కోర్టుల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2025 జనవరి నుంచి దేశవ్యాప్తంగా జడ్జి అనుమతితో, పేర్లు లేకుండా రాసే వీలు కల్పించారు. పత్రికకు చెప్పుకోవాలంటే అదీ దారి.

రహస్య రికార్డింగుల పిచ్చి ఇంకోటి. 2016లో ఒక కేసులో తండ్రి, తన కూతురు సోషల్ వర్కర్‌తో ఏం మాట్లాడుతుందో వినడానికి పాప బడి కోటులో చిన్న రికార్డర్లు పెట్టి కుట్టించాడు. జడ్జి పీటర్ జాక్సన్ ఆ పాపను తల్లి దగ్గరికి పంపారు. ఆ తండ్రికి వ్యవస్థ మీద ఉన్న అనుమానం నిజమో కాదో గానీ, పాప ఒంటిమీద మైకు కుట్టినప్పుడే అతను కేసు ఓడిపోయాడు.

ఆలస్యమైతే ఏం పోతుంది?

కేసు ముగిశాక రండి అంటే, పోయేది కొన్ని నెలలే కదా అనిపిస్తుంది. నార్ఫోక్‌లో ఒక దంపతుల రెండో బిడ్డకు 2003లో ఎముకలు విరిగి ఉన్నట్టు తేలింది. తల్లిదండ్రులే హింసించారని కోర్టు నమ్మింది. ముగ్గురు పిల్లలూ 2005లో దత్తత వెళ్లిపోయారు. తర్వాత నిపుణులు అది కొట్టడం వల్ల కాదు, విటమిన్ సి లోపం వల్ల వచ్చిన స్కర్వీ కావచ్చన్నారు. నాలుగో బిడ్డ విషయంలో కౌన్సిలే కేసు వెనక్కి తీసుకుంది. 2009 ఫిబ్రవరిలో ఆ ముగ్గురి దత్తత రద్దు చేయమని దంపతులు అప్పీలు కోర్టుకు వెళితే, అన్యాయం జరిగి ఉండవచ్చు కానీ చట్టబద్ధంగా జరిగిన దత్తతను ఇన్నేళ్ల తర్వాత తిప్పలేమని కోర్టు చెప్పేసింది. ఆ పిల్లలకు అప్పటికి వేరే అమ్మానాన్నలున్నారు.

అంబుడ్స్‌మన్ క్షమాపణ చెప్పించగలడు, కొంత డబ్బు ఇప్పించగలడు. బిడ్డను తిరిగి ఇప్పించలేడు. అందుకే కేసు నడుస్తున్నప్పటి ఫిర్యాదుకు, ముగిశాక చేసే ఫిర్యాదుకు విలువ ఒకటి కాదు.

మనవాళ్ల సంగతి

లండన్, రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్... సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, నర్సులు, డాక్టర్లు, చదువులకు కుటుంబంతో వెళ్లినవాళ్లు. ఇంట్లో ఏదైనా జరిగితే మొదటి ఫోన్ గుంటూరుకో కరీంనగర్‌కో వస్తుంది. ‘ఏమ్మా, మనమెవరితోనన్నా చెప్పిద్దామా? ఎంపీగారు మనకు తెలిసినవాళ్లే’ అని ఇక్కడి మామయ్య అడుగుతాడు. ఆయన ప్రేమకు వంక పెట్టలేం, కానీ అక్కడి ఫ్యామిలీ కోర్టు జడ్జికి మన ఎంపీ ఫోను వెళ్లదు. అక్కడి భారత హైకమిషన్ దుబాసీని చూపించగలదు, లాయర్ల జాబితా ఇవ్వగలదు, ఇండియాలో ఉన్న తాతయ్య, అమ్మమ్మల వివరాలు కోర్టుకు అందేలా సాయపడగలదు. ఉత్తర్వును మార్చలేదు. ఆ తాతయ్య, అమ్మమ్మల ప్రస్తావన మొదటి వాయిదాల్లోనే తేవాలి. బిడ్డను బంధువుల దగ్గర ఉంచే వీలుందా అన్నది కోర్టు తప్పక చూసే విషయం.

చేయి చేసుకోవడం గురించి మనం ఇంకా తేలిగ్గా మాట్లాడుకుంటాం. 2012 డిసెంబరులో నార్వేలోని ఓస్లో కోర్టు ఒక తెలుగు దంపతులకు కొడుకును హింసించారన్న నేరం కింద 18, 15 నెలల జైలుశిక్ష వేసినప్పుడు ఇక్కడ టీవీల్లో జరిగిన చర్చంతా ‘పిల్లాణ్ని మందలిస్తే జైలా’ అనే. కోర్టు విన్న సాక్ష్యాల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. బ్రిటన్‌లోనూ స్కాట్లండ్ 2020 నవంబరు నుంచి, వేల్స్ 2022 మార్చి నుంచి పిల్లలను కొట్టడాన్ని పూర్తిగా నిషేధించాయి. ఇంగ్లండ్‌లో ‘సహేతుకమైన శిక్ష’ అనే సన్నని మినహాయింపు మిగిలే ఉంది. దానిమీద ఆశపెట్టుకుని బెత్తం తీయడం తెలివైన పని కాదు.

పరాయి దేశం సంగతి సరే, మన దగ్గర? ఇక్కడ పిల్లల రక్షణ విషయాలు జిల్లా బాలల సంక్షేమ కమిటీ చూస్తుంది. దాని పనితీరు మీద గోడు వినాల్సింది కలెక్టరే అని బాలల న్యాయచట్టం చెబుతోంది. కస్టడీ కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తుంటే, ఒక పక్షం ఈ కమిటీ దగ్గరికి పరుగెత్తి బిడ్డను తెచ్చుకోవాలని చూడటం ఇక్కడా ఉంది. కమిటీ తీరు మీద కలెక్టరుకు అర్జీ పెట్టే వీలుందని తెలిసినవాళ్లు ఎందరు?

ఇంగ్లండ్‌లో ఉన్న పాఠకులకు చివరగా రెండు గడువులు. కోర్టు కేసు కారణంగా ఆగిపోయిన ఫిర్యాదును ఆ కేసు ముగిసిన నాటి నుంచి ఏడాదిలోపు మళ్లీ పెట్టవచ్చు. తీర్పు వచ్చిన అలసటలో దీన్ని మరిచిపోకండి. మానవ హక్కుల చట్టం కింద దావాకు కూడా గడువు ఏడాదే, కానీ అది తీర్పు నుంచి కాదు, ఆ అన్యాయం జరిగిన రోజు నుంచి మొదలవుతుంది. 40 వారాలు సాగే కేసులో ఆ ఏడాది చాలావరకు కోర్టు వరండాలోనే కరిగిపోతుంది. లాయర్‌ను మొదటిసారి కలిసిన రోజే ఈ రెండో గడువు గురించి అడగండి.